పోయిన పంట ఎవరిది? వచ్చిన డబ్బెవరికి?

(పంట నష్టం జాబితాల గురించి కౌలుదార్లు, కూలీల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ మేము పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పబోవడం లేదు. ఒక్క కాయితం గురించి మాట్లాడతాం. తుఫానొచ్చినా, వరదొచ్చినా, కరువొచ్చినా గవర్నమెంటు వాళ్లు ఒక జాబితా రాస్తారు. అందులో పేరున్నవాడి ఖాతాలో డబ్బు పడుతుంది. పేరు లేనివాడికి పడదు. ఆ పేర్లు ఎవరు రాస్తున్నారు, ఎవరింటి అరుగు మీద కూచుని రాస్తున్నారు, మన పేర్లు అందులోకి ఎందుకు ఎక్కవు? ఇదీ ఇవాళ్టి మాట.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి డెల్టాలో వరి కొంత కోసి పనల మీద ఉంది, కొంత ఇంకా కొయ్యాల్సి ఉంది. పనలు నీళ్లలో తేలాయి. కుప్పలు తడిశాయి. గింజ మొలకెత్తింది. ఆడోళ్లు మోకాటి లోతు నీళ్లలో దిగి పనలు గట్టుకి చేరేశారు. ఆ వారమంతా పేపర్ల నిండా ఎకరాల లెక్కలే. ఇన్ని లక్షల ఎకరాలు మునిగాయి, ఇన్ని కోట్ల నష్టం అని. ఆ ఎకరాలు దున్నిందెవరో ఆ లెక్కలో కనపడదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ సాగు కమతాల్లో నూటికి నలభైకి పైగా కౌలు భూమి కలిసినవేనని తేలింది. దేశంలో ఇంత ఎక్కువ కౌలు మరే రాష్ట్రంలోనూ కనపడలేదు. నోటిమాట మీద నడిచే కౌళ్లు ఎన్ని ఆ సర్వేకి దొరక్కుండా పోయాయో మీకే ఎక్కువ తెలుసు.

ఒక్క ఎకరం లెక్క వేద్దాం. మాగాణి ఎకరం కౌలు ఇరవై బస్తాలనుకుందాం. అంతకంటే ఎక్కువ గుంజే ఊళ్లున్నాయి. దమ్ము, నారు, నాటు కూలి, ఎరువు, పురుగుమందు, కోత అన్నీ కలిపితే ముప్పై వేలు దాటుతుంది. ఆ డబ్బు నూటికి రెండో మూడో వడ్డీకి తెచ్చిందే. లేకపోతే ఎరువుల కొట్లో ఖాతా రాయించిందే. పంట పోయింది. 2022 నుంచి 2026 మార్చి దాకా అని కేంద్రం ప్రకటించిన కొలతల్లో నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకి 17,000 రూపాయలు, మెట్టకి 8,500, ఏళ్లపాటు ఉండే తోటలకి 22,500. పంట నూటికి 33 వంతులు పోతేనే ఇస్తారు. 2015కి ముందు సగం పోతే గానీ ఇచ్చేవాళ్లు కాదు. రెండు హెక్టార్లకి మించి ఇవ్వరు. హెక్టారంటే రెండున్నర ఎకరాలు కాబట్టి మాగాణి ఎకరానికి ఏడు వేల లోపు పడుతుంది. రాష్ట్రాలు తమ వంతు కలిపితే పెరుగుతుంది. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి ఎకరానికి పది వేలు ప్రకటించింది.

సరే, పది వేలే అనుకుందాం. ఆ పది వేలు పాస్‌బుక్కు ఉన్న కామందు ఖాతాలో పడతాయి. కామందు హైదరాబాదులో ఉంటాడు, లేదా అమెరికాలో కొడుకు దగ్గరుంటాడు. ఫోనుకి మెసేజ్ వస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చి కౌలు అడుగుతాడు. 'పంట పోయిందండీ' అంటే 'వాన పడమని నేను చెప్పానా' అంటాడు. మన పంట పోయిన ఏడు ఆయనకి రెండు రాబళ్లు, మనకి రెండు అప్పులు.

ఆ డబ్బుకి గవర్నమెంటు పెట్టిన పేరేంటో తెలుసా? ఇన్‌పుట్ సబ్సిడీ. తెలుగులో పెట్టుబడి రాయితీ అని జీవోల్లో రాస్తారు. పెట్టుబడి ఎవడు పెట్టాడో వాడు మళ్లీ విత్తనం వేసుకోవడానికి ఇచ్చే డబ్బు అది. భూమి ఎక్కడికీ పోలేదు, నీళ్లు దిగాక అక్కడే ఉంది. పోయింది విత్తనం, ఎరువు, చెమట. అవి మనవి. కాబట్టి ఇందులో మనం దానం అడగటం లేదు. గవర్నమెంటు తాను పెట్టిన పేరుకి తానే కట్టుబడి ఉండమంటున్నాం.

మరి జాబితా ఎట్లా తయారవుతుంది? పై నుంచి ఫోనొస్తుంది, పది రోజుల్లో లెక్క పంపమని. గ్రామ రెవిన్యూ ఆయనా, వ్యవసాయ సహాయకుడూ వస్తారు. నీళ్లలో దిగి ప్రతి చేనూ చూడ్డం వాళ్ల వల్ల కాదు. ఊళ్లో ఎవరో ఒక పెద్ద రైతు కుర్చీ వేస్తాడు, టీ తెప్పిస్తాడు. ఆయన చెబుతుంటే వీళ్లు రాసుకుంటారు. పల్లెలోకి రారు. పల్లెకి ఏం పొలాలున్నాయని రావాలి అంటారు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాల్ని, మునసబుల్ని తీసేసింది. మంచి పనే. కరణం పోయాడు కానీ కరణం అరుగు పోలేదు.

పోనీ కాగితాల్లో మనకి చోటే లేదా అంటే, ఉంది. అడంగల్లో పట్టాదారు అనే గడి పక్కన అనుభవదారు అనే గడి ఉండేది. భూమి ఎవరిదైనా ఈ ఏడు దున్నుతున్నవాడెవడో ఆ గడిలో రాయాలి. తెల్లవాడి కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. ఆ గడిలో కూడా కామందు పేరే రాసుకుంటూ వచ్చారు. తెలంగాణలో అయితే ధరణి తెచ్చినప్పుడు ఆ గడినే ఎత్తేశారు. గడి ఉంటే కదా ఎవడైనా అడిగేది!

ఇక్కడ ఒక వింత చూడండి. మన తాతలకి ఇచ్చిన అసైన్‌మెంటు భూములున్నాయి. డి-పట్టాలు మన పేర్ల మీదున్నాయి. 1977 చట్టం ప్రకారం ఆ భూములు చేతులు మారకూడదు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టం మార్చి ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు, అది వేరే కథ. అప్పు కిందో, బెదిరించో మోతుబరి ఆ భూమి దున్నుతున్న ఊళ్లు ఎన్ని లేవు? ఆ భూమిలో పంట పోతే జాబితాలో ఎవరి పేరెక్కుతుంది? దున్నుతున్న ఆయన పేరు. మన భూమి ఆయన దున్నితే ఆఫీసరుకి అనుభవదారు గడి గుర్తొస్తుంది. ఆయన భూమి మనం దున్నితే పట్టాదారు గడి గుర్తొస్తుంది. ఎస్సీలకిచ్చిన భూమిని అక్రమంగా ఆక్రమించి దున్నడం అట్రాసిటీ చట్టం కింద నేరం. నేరం చేసినవాడికి పరిహారం ఇచ్చే జాబితా ఇది!

ఇక చట్టాలు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారులకి కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆ కార్డుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం కౌలుదారుకే రావాలన్నారు. మన సంఘాలు, రైతు సంఘాలు ఎన్నో ఏళ్లు తిరిగి తెచ్చుకున్న చట్టం. కార్డు ఏడాదికే చెల్లుతుంది. ప్రతి ఏడూ మళ్లీ తిరగాలి. బ్యాంకుల్లో ఆ కార్డు చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. తెలంగాణ వచ్చాక ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, కార్డులివ్వడం మాత్రం మూలపడింది. 2018లో అక్కడ రైతుబంధు వచ్చింది. ఎకరానికి పంటకి నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు. కౌలుదార్లకి ఇవ్వమని ముఖ్యమంత్రే సభల్లో తెగేసి చెప్పాడు. అదే ముఖ్యమంత్రి 2023 మార్చిలో వడగళ్ల వాన పడి మొక్కజొన్న, మిరప నాశనమైనప్పుడు ఖమ్మం జిల్లాకొచ్చి ఎకరానికి పది వేలిస్తాం, కౌలుదార్లనీ ఆదుకుంటాం అన్నాడు. అయిదేళ్లు కనపడని మనిషి వడగళ్లలో కనపడ్డాడన్నమాట. కానీ ఏ కార్డూ లేనివాడిని ఏ జాబితాలో వెతుకుతారు?

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 2011 చట్టం తీసేసి సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల కార్డు. పరిహారం సాగుదారుకే అని చట్టంలో స్పష్టంగా రాశారు. ఒక్క చిన్న మెలిక పెట్టారు: కామందు సంతకం కావాలి. మేకకి ఆకులు వెయ్యడానికి పులి అనుమతి తీసుకున్నట్టుంది. ఆయనెందుకు పెడతాడు సంతకం? పెడితే పరిహారం పోతుంది. పైగా 1956 కౌలు చట్టం పేరు చెప్పి ఊళ్లో ఎవరో భయం పెట్టే ఉంటారు, 'సంతకం పెడితే భూమి వాడిదైపోతుంది' అని. అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడు. మన పల్లెలో పొలం ఇవ్వడు, పక్క పల్లెకిస్తాడు. అందుకే మనవాడు అడగడు. అడగనివాడి పేరు ఏ లెక్కలోనూ ఉండదు. అప్పుడు ఆఫీసరు అంటాడు, 'మీ ఊళ్లో కౌలుదార్లే లేరయ్యా, ఒక్క అర్జీ కూడా రాలేదు' అని.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కౌలుకిచ్చే ప్రతివాడూ దొర కాదు. మొగుడు పోయిన ఆడమనిషి అరెకరం కౌలుకిచ్చి బతుకుతుంటుంది. కాలో చెయ్యో పడిపోయిన చిన్న రైతు ఉంటాడు. మన పల్లెలోనే మనవాళ్లకే కౌలుకిచ్చినవాళ్లున్నారు. ఆ మనిషి కౌలు ఎగ్గొట్టమని మేము చెప్పం. ఇరవై ఎకరాలు కౌలుకిచ్చి పట్నంలో ఉన్నవాడినీ, ఈమెనీ ఒక గాటన కట్టి తిట్టే సంఘం పల్లెలో నిలబడదు. కౌలుదార్లలో కూడా మాల, మాదిగలే కాదు, బీసీలున్నారు, పేద కాపులున్నారు. వాళ్ల పంట కూడా అదే నీళ్లలో మునిగింది. ఎందుకీ మాట చెబుతున్నామో ఇప్పుడు చెప్పబోయే కథలో తెలుస్తుంది.

ఈ జబ్బు మన ఊరిది మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో నల్లవాళ్లు ఈ జాబితా పోరాటం తొంభై ఏళ్లుగా చేస్తున్నారు. మన యువకులు 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడే ఆ నల్లవాళ్ల నుంచి పేరు తెచ్చుకున్నారు. పేరుతో పాటు వాళ్ల పొలాల సంగతి కూడా తెచ్చుకుని ఉంటే మనకి ఇంకా పనికొచ్చేది.

1933లో అక్కడ పత్తి ధర పాతాళానికి పడింది. ప్రభుత్వం ఏమందంటే, చేలో ఉన్న పత్తిని దున్నేయండి, దున్నేసిన ఎకరానికి ఇంత డబ్బిస్తాం, సరుకు తగ్గితే ధర లేస్తుంది అంది. పత్తి పెంచింది పాలుకి చేసే నల్లవాళ్లు, పేద తెల్లవాళ్లు. చెక్కు వచ్చింది భూస్వామి పేరున. అందులో కౌలుదారు వాటా ఇవ్వమని కాయితం మీద ఉంది. భూస్వాములు ఇవ్వలేదు. వాటా అడుగుతాడన్న బాధే లేకుండా కౌలుదార్లని గుడిసెల్లోంచి వెళ్లగొట్టారు. 1934 జులైలో ఆర్కాన్సా రాష్ట్రంలో టైరోంజా అనే ఊళ్లో పద్దెనిమిది మంది కలిసి దక్షిణాది కౌలురైతుల సంఘం పెట్టారు. పదకొండు మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. నల్లవాడూ తెల్లవాడూ ఒక బల్ల మీద కూచోకూడదని చట్టాలున్న రాష్ట్రంలో ఒకే సంఘంలో కూచున్నారు. కొట్టారు, కాల్చారు, జైళ్లలో పెట్టారు. అయినా సంఘం వేలల్లోకి పెరిగింది. 1939 జనవరిలో మిస్సోరి రాష్ట్రంలో వెళ్లగొట్టిన కౌలుదార్లు వెయ్యి మందికి పైగా, ఎక్కువమంది నల్లవాళ్లు, పిల్లాజెల్లాతో మంచాలు, కుండలు నెత్తినెట్టుకొచ్చి పెద్ద రోడ్ల పక్కన గడ్డకట్టే చలిలో కాపురాలు పెట్టారు. దారినపోయే ప్రతివాడికీ కనపడాలని. ముందు నడిచినవాడు ఓవెన్ విట్‌ఫీల్డ్, ఒక నల్ల పాస్టరు, తానూ పాలుకి చేసినవాడే. దేశం మొత్తం ఫోటోలు చూసింది. పోలీసులొచ్చి వాళ్లని రోడ్డు నుంచి తీసేశారు. ఆరోగ్యానికి మంచిది కాదట!

ఆ రోజుల్లోనే అక్కడ కౌంటీకో కమిటీ పెట్టే పద్ధతి వచ్చింది. కౌంటీ అంటే మన జిల్లాలో ఒక ముక్క అనుకోండి. ఆ చుట్టుపక్కల రైతులు ఓట్లేసి ముగ్గుర్నో అయిదుగుర్నో ఎన్నుకుంటారు. పంట సాయం ఎవరికి, అప్పు ఎవరికి అనే మాటల్లో వాళ్లదే చెయ్యి. చూడ్డానికి ప్రజాస్వామ్యమే. నల్లవాడికి ఓటు వెయ్యడానికే దిక్కులేని కౌంటీల్లో ఆ కమిటీలో ఎవరుంటారు? పక్క చేను తెల్ల రైతు ఉంటాడు. నల్లవాడి అర్జీ డ్రాయరులో పెడతాడు. విత్తనాల కాలం దాటాక అప్పు మంజూరు చేస్తాడు. నల్లవాడు అప్పు కట్టలేక భూమి వేలానికొస్తే కొనేది కూడా ఆ చుట్టుపక్కల వాళ్లే.

1990 నుంచి 1995 దాకా సాయం ఎట్లా పంచారో ఆ వ్యవసాయ శాఖే ఒక సంస్థ చేత లెక్క తీయించింది. కరువు, వరద, తుఫాను సాయంలో నూటికి 97 వంతులు తెల్ల రైతులకి పోయింది. నల్ల రైతులకి నూటికి ఒక వంతు కూడా రాలేదు. అప్పటికి మిగిలిన నల్ల రైతులే నూటికి ఒకరు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. 1920లో వాళ్లు తొమ్మిది లక్షల పైచిలుకు. 1997 నాటికి ఇరవై వేల లోపు. అన్ని లక్షల మందిని పొలం నుంచి వెళ్లగొట్టాక మిగిలినవాళ్లు తక్కువున్నారు కాబట్టి తక్కువిచ్చాం అనడం ఎట్లాంటి న్యాయం?

వాళ్లు ఫిర్యాదులు పెట్టారు. 1983లో రీగన్ ప్రభుత్వం ఆ శాఖలో ఫిర్యాదులు విచారించే ఆఫీసునే మూసేసింది. ఏళ్ల తరబడి కాగితాలు పెట్టెల్లో మూలిగాయి. 1997లో తిమొతీ పిగ్‌ఫర్డ్ అనే నల్ల రైతు, ఇంకొందరు కలిసి కోర్టుకెళ్లారు. గడువు దాటిపోయిందని కేసు కొట్టేస్తారేమోనని పోరాడి 1998లో ఆ గడువు చట్టాన్నే సడలింపజేసుకున్నారు. 1999లో ఒప్పందం కుదిరింది. గెలిచినవాళ్లలో ఎక్కువమందికి తలకి యాభై వేల డాలర్లు. పదిహేను వేల మందికి పైగా తీసుకున్నారు. కానీ ఒప్పందం సంగతి సకాలంలో తెలియక, తెలిసినా కాగితాలు కుదరక, అరవై వేల మందికి పైగా గడువు దాటాక వచ్చారు. వాళ్ల కోసం మళ్లీ పోరాటం. 2010లో నూట పాతిక కోట్ల డాలర్ల రెండో ఒప్పందం వచ్చింది. అదే ఏడు అక్కడి ఆదివాసీ రైతులకీ, పశువుల కాపర్లకీ 76 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2021లో నల్లవాళ్లు మొదలైన రైతుల అప్పులు తీరుస్తామని చట్టం చేస్తే తెల్ల రైతులు కోర్టుకెక్కి ఆపించారు. మనకి రిజర్వేషన్ల మీద వినపడే మాటే అక్కడా వినపడింది, 'ఇది మాకు అన్యాయం' అని. 2022లో ఆ చట్టం తీసేసి, వివక్షకి గురైనవాళ్లకి పరిహారం అని వేరే దారి పెట్టారు. 2024లో నలభై మూడు వేల మందికి పైగా సుమారు 200 కోట్ల డాలర్లు పంచారు. ఎంతమంది ముసలాళ్లు ఆ చెక్కు చూడకుండా పోయారో!

ఈ కథలో సంఘం కార్యకర్తలు పట్టుకోవాల్సినవి మాకు రెండు కనపడుతున్నాయి. ఆ అరవై వేల మందిని మొదట ఓడించింది గడువు తేదీ. ఆ తేదీని ఇంటింటికీ చేర్చే మనిషి ఊరికొకడుంటే వాళ్లలో చాలామంది పదేళ్లు ముందే తీసుకునేవాళ్లు. రెండోది వారసత్వం కాగితం. అక్కడ నల్లవాళ్లు కోర్టుల మీద నమ్మకం లేక, చదువు లేక వీలునామాలు రాయలేదు. తాత పేరున ఉన్న భూమికి ముప్పై మంది, యాభై మంది వారసులు. ఆఫీసుకెళితే 'నీ పేరున పత్రం ఏదీ' అన్నారు. పత్రం లేకపోతే పొలానికి నంబరు లేదు, నంబరు లేకపోతే తుఫాను సాయం లేదు. 2018లో గానీ వేరే రుజువులు చూపినా నంబరివ్వొచ్చని చట్టంలో రాయలేదు.

ఇప్పుడు మన పల్లెకొద్దాం. ఇక్కడ కూచున్నవాళ్లలో ఎంతమంది డి-పట్టాలు ఇంకా చనిపోయిన తాత పేరునే ఉన్నాయి? చేతులెత్తండి. చూశారా! పట్టా ఉంది, భూమి ఉంది, దున్నుతున్నారు. పంట పోతే డబ్బు చనిపోయినవాడి పేరున వస్తుంది, ఆధార్ లేదని తిరిగిపోతుంది. ఇది ఏ కామందూ చేసింది కాదు. వారసుల పేరు ఎక్కించమని మండలాఫీసులో అర్జీ పెడితే అయ్యే పని. అన్నదమ్ములు కొట్టుకుంటున్నారని ఆపేశారు. పొలం పంచుకోవడం తర్వాత చూసుకోండి. ముందు అందరి పేర్లూ ఎక్కించుకోండి.

ఇక అసలు మాట. కౌలుదారు కూడా కానివాళ్ల మాట. కోత కూలి కోసం కాచుకున్న ఆడోళ్ల మాట. వరి మునిగితే కామందుకి పరిహారం, కౌలుదారుకి పోరాడితే పరిహారం. కోతలు, మోతలు, నూర్పిళ్లు అన్నీ కలిపి నెల రోజుల పని పోయిన కూలిమనిషికి? ఆమె పంట ఆ నెల కూలే. ఏడాదికి సరిపడా బియ్యం ఆ కూలితోనే. ఆమెని నష్టపోయినవాళ్ల లెక్కలో రాసిన ఆఫీసరుని మేమింతవరకూ చూడలేదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం వైపు జరిగింది ఇదే. పడవ పోయినవాడి పేరు రాశారు. ఆ పడవల సరుకు మోసి, ఉప్పు మళ్లలో పని చేసి బతికే దళితుల పేర్లు వదిలేశారు. కొన్ని శిబిరాల్లో వాళ్లని రానివ్వలేదు, నీళ్ల ట్యాంకు ముట్టుకోనివ్వలేదు. సముద్రం కులం చూడలేదు, దాని తర్వాత వచ్చినవాళ్లు చూశారు.

కానీ మీరొక సంగతి వినాలి. మేము పైన చెప్పిన కేంద్రం కొలతల కాయితంలో పంట గురించి ఉన్నట్టే ఇంకో అంశం ఉంది. విపత్తు వల్ల బతుకుతెరువు బాగా దెబ్బతిన్న కుటుంబాలకి, కుటుంబంలో ఇద్దరు పెద్దవాళ్లకి, ఉపాధి హామీ కూలి రేటున రోజువారీ సాయం ఇవ్వొచ్చని. మామూలుగా ముప్పై రోజుల దాకా, అవసరమైతే ఇంకా ఎక్కువ. శిబిరంలో లేనివాళ్లకి. అట్లాంటి కుటుంబాలేవో రాష్ట్రం గుర్తించి రాయాలి. చదివారా? భూమి అని లేదు, పాస్‌బుక్కు అని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25లో ఉపాధి కూలి రోజుకి 300. ఇద్దరికి ముప్పై రోజులకి పద్దెనిమిది వేలు. ఎకరం వరి పోయిన కామందుకి ఇచ్చేదానికంటే ఎక్కువ! అందుకేనేమో ఆ అంశం ఎవరూ పైకి చదవరు. కూలీల కుటుంబాల జాబితా రాయమని ఏ కలెక్టరునైనా మనం అడిగామా? ఏ సభలోనైనా తీర్మానం చేశామా? దీన్ని ముందు పెట్టకుండా కౌలు కార్డుల గురించి మాత్రమే మాట్లాడితే పల్లెలో సగంమంది, అందునా ఆడోళ్లు, మన సభల్లో చాప మీద కూచుని వినడానికే మిగులుతారు.

పశువుల సంగతి కూడా అంతే. పాడి గేదె చనిపోతే 37,500 అని ఆ కొలతల్లో ఉంది. గొర్రె, మేక, పంది అయితే తలకి 4,000. పంది అని అచ్చంగా రాసుంది. ఊళ్లో పంది పేరెత్తితే మొహం తిప్పుకునే పశువుల డాక్టరు కూడా ఆ సర్టిఫికెట్ రాసి తీరాలి. కోళ్లకి కూడా ఉంది, కోడికి వంద. ఇవి పోయినప్పుడు మనవాళ్లు ఏం చేస్తారంటే కంపు కొడుతుందని వెంటనే పూడ్చేస్తారు. పూడ్చాక రుజువు లేదు. ముందు సెల్లుఫోనులో ఫోటో తియ్యండి, ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించండి, డాక్టరుకి కబురు పెట్టండి, తర్వాత పూడ్చండి.

1947లో అంబేద్కర్ 'రాష్ట్రాలు - మైనారిటీలు' అని రాసి ఇచ్చిన ప్రణాళికలో భూమి ప్రభుత్వానిదై ఉండాలి, కులంతో పని లేకుండా ఊరి జనానికి సాగుకి ఇవ్వాలి, భూస్వామి, కౌలుదారు, కూలి అనే తేడాలే ఉండకూడదన్నారు. రాజ్యాంగంలో దాన్ని రానివ్వలేదు. అది వచ్చుంటే ఇవాళ ఈ జాబితా గొడవే లేదు. రాలేదు కాబట్టి ఈ పది రోజుల్లో చెయ్యాల్సిన పని చెబుతాం.

ఆంధ్రప్రదేశ్‌లో పంట వేసినప్పుడే ఈ-పంట అని ఫోనులో నమోదు చేస్తున్నారు. సాగు ఎవరు చేస్తున్నారో అందులో రాసే చోటుంది. పంట పోయాక పరిగెత్తడం కాదు, నాట్లేసిన నెలలోనే మన పేరు ఎక్కిందో లేదో చూసుకోవాలి. కామందు సంతకం పెట్టకపోయినా ఇద్దరు పక్క చేల రైతుల సాక్ష్యంతో అర్జీ పెట్టండి. తిరస్కరిస్తే తిరస్కరించినట్టు రాసివ్వమనండి. ఒక్కడు వెళ్లొద్దు. ఒక్కడు వెళితే వచ్చే ఏడు వాడికి కౌలు పోతుంది. పల్లె మొత్తం, పక్క ఊరి బీసీ కౌలుదార్లతో కలిసి ఒకే రోజు నలభై అర్జీలు పెడితే ఏ కామందు ఎంతమందికి కౌలు మానేస్తాడు? వాళ్లకీ మనుషులు కావాలి కదా పొలం దున్నడానికి!

నష్టం రాసే వారంలో ఊరికి ఇద్దరు, అందులో ఒక ఆడమనిషి, ఆఫీసర్ల వెంటే తిరగాలి. వాళ్లు ఏ అరుగు మీద కూచుంటే ఆ అరుగు ముందే నిలబడాలి. జాబితా రైతు సేవా కేంద్రం దగ్గర, మొన్నటిదాకా రైతు భరోసా కేంద్రం అనేవాళ్లే అక్కడ, గోడకి అంటిస్తారు. రాత్రి అంటించి పొద్దున్నే చింపేసే ఊళ్లున్నాయి. అంటించిన గంటలో ఫోటో తీసుకోవాలి. చదువుకున్న పిల్లలు పల్లెలో నిలబడి పేరు పేరు పైకి చదవాలి. అంటించకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, తెల్లకార్డు వాళ్లకి ఫీజు లేదు.

అర్జీలో ఎక్కువ రాయొద్దు. ఫలానా సర్వే నంబరులో ఇన్ని సెంట్లు, ఫలానా పంట నేను సాగు చేశాను, ఫలానా తేదీన మునిగింది, ఎరువుల కొట్టు బిల్లు జత చేశాను, పరిహారం నా ఖాతాలో వెయ్యండి. అంతే. కూలీల అర్జీ వేరుగా రాయాలి. ఎవరింట్లో ఎన్ని రోజుల పని పోయింది, ఇంట్లో పెద్దవాళ్లెందరు, ఊరంతా కలిపి ఒకటే జాబితా. అర్జీ రెండు కాపీలు రాయండి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. రసీదు లేకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు. కూలీల అర్జీ నమూనా వచ్చే సంచికలో అచ్చు వేస్తున్నాం. అంతదాకా ఆగలేని ఊళ్లవాళ్లు సభ అయ్యాక ఈ బల్ల దగ్గరకి రండి, చేత్తో రాసిచ్చి పంపిస్తాం.